మన గురించి మాట్లాడే గదిలో మనకో కుర్చీ

మనిషి ఎదురుగా లేనప్పుడు అతని గురించి మాట్లాడటాన్ని మన ఊళ్లలో మెచ్చుకోరు. చెప్పేదేదో ముఖం మీదనే చెప్పమంటారు పెద్దలు. కానీ ఒక జాతి మొత్తం గురించి, ఆ జాతివాళ్లు ఒక్కరూ లేని గదిలో గంటసేపు మాట్లాడితే దాన్ని సెమినార్ అంటున్నాం. మాట్లాడినవాళ్లకు చప్పట్లు, సర్టిఫికెట్టు, కొన్నాళ్లకు డాక్టరేటు వస్తాయి. ఇందులో తప్పుందా? ఉంటే ఎక్కడుంది? ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పే మేము చాలాకాలంగా మాలో మేము అనుకుంటున్న ప్రశ్న ఇది. ఇప్పుడు మన పిల్లలు యూనివర్సిటీ దాకా వెళ్తున్నారు. కనుక దీన్ని నలుగురిలో పెట్టి ఆలోచించే సమయం వచ్చింది.

ముందు ఆ గదులు ఎక్కడున్నాయో చూద్దాం. హైదరాబాదులో తార్నాక వైపు వెళ్తే ఉస్మానియా యూనివర్సిటీ వస్తుంది. దాని పక్కనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది, అందరూ ఇఫ్లూ అంటారు. తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఇంకొంచెం ముందుకు పోతే హబ్సిగూడలో సీసీఎంబీ. నాలుగు కిలోమీటర్ల లోపలే ఇన్ని సంస్థలు. ఒకచోట భాషల గురించి చదువుతారు, ఒకచోట ఆచారాల గురించి, ఒకచోట తిండి గురించి, ఒకచోట నెత్తురులోని జన్యువుల గురించి. ఈ చదువులన్నిటిలోనూ ఆదివాసీలు ఎక్కడో ఒకచోట ఉంటారు. 2009లో 'నేచర్' అనే శాస్త్ర పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అందులో సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఉన్నారు. దేశంలోని 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను వాళ్లు పరిశీలించారు. ఆ 25లో చెంచులు ఒకరు. ఈ దేశంలో దాదాపు అన్ని సమూహాల మూలాల్లోనూ పాతకాలం నాటి కలయిక ఉందని ఆ అధ్యయనం చెప్పింది. కులం పేరుతో గర్వపడేవాళ్లు ఒకసారి చదవాల్సిన మాట అది.

కాబట్టి పరిశోధన వద్దని మేము అనడం లేదు. పిల్లల ఎత్తు, బరువు ఎవరూ కొలవకపోతే మన తండాల్లో, గూడేల్లో పిల్లలు ఎంత బలహీనంగా ఉన్నారో లెక్క తేలదు. లెక్క తేలకపోతే అంగన్‌వాడీకి పప్పు, గుడ్డు కావాలని అడగడానికి ఆధారం ఉండదు. మా ప్రశ్న కొలవడం గురించి కాదు. కొలిచిన తర్వాత ఆ మాటను ఎక్కడ, ఎవరి ముందు చెబుతున్నారన్నదే మా ప్రశ్న.

మన ఊరి మాట ఆ గదిలోకి ఎలా వెళ్తుందో చూడండి. ఊరికి వచ్చిన పరిశోధక విద్యార్థి మొదట కలిసేది బడి టీచరునే. మాకు తెలుగు వచ్చు, గోండీ వచ్చు కనుక మమ్మల్నే పక్కన కూర్చోబెట్టుకుంటారు. ముసలమ్మను మేము అడుగుతాం, ఆమె చెప్పింది మేము తెలుగులో చెబుతాం. ఆమె తన పెళ్లి గురించి, పోడు గురించి, దేవుడి గురించి, చనిపోయిన బిడ్డ గురించి చెబుతుంది. అంతా ఫోన్‌లో రికార్డవుతుంది. చాయ్ తాగి, ఫొటో దిగి, 'మళ్లీ వస్తాం' అని చెప్పి బస్సెక్కుతారు. చాలామంది మళ్లీ రారు. వాళ్లను తిట్టాలని ఈ మాట చెప్పడం లేదు. ఫెలోషిప్ డబ్బులు సమయానికి రావు, గడువు తరుముతుంది, ఊరు దూరం. కారణాలు నిజమైనవే. కానీ ముసలమ్మ మాత్రం 'ఆ పిల్ల ఏమైంది సారూ' అని మమ్మల్ని అడుగుతూనే ఉంటుంది.

ఆ పిల్ల అక్కడ నోట్సు రాసుకుని, పేపర్ చదివి, థీసిస్ ఇచ్చే ముందు డిపార్ట్‌మెంటులో సెమినార్ ఇస్తుంది. ఆ తర్వాత వైవా జరుగుతుంది. వైవా బహిరంగంగా జరగాలని యూజీసీ నిబంధన ఉంది. 2016 నాటి నిబంధనల్లో ఎవరెవరు రావచ్చో కూడా రాశారు. సలహా సంఘం సభ్యులు, డిపార్ట్‌మెంటు అధ్యాపకులు, తోటి పరిశోధక విద్యార్థులు, ఆసక్తి ఉన్న ఇతర నిపుణులు, పరిశోధకులు రావచ్చని వాటిలో ఉండేది. మరి ఏ ముసలమ్మ మాటలతో థీసిస్ నిండిందో ఆమె ఈ జాబితాలో ఎక్కడుంది? మా దృష్టిలో 'నిపుణులు' అనే మాట కిందికే ఆమె రావాలి. ఆమె బతుకు గురించి ఆమెకన్నా ఎక్కువ తెలిసిన నిపుణులు ఎవరున్నారు? కానీ ఆ మాట రాసినవాళ్ల మనసులో ఆమె ఉండి ఉంటుందని మాకు నమ్మకం లేదు.

ఒక్క కుర్చీ వల్ల ఏం మారుతుందని కొందరు అడుగుతారు. అమెరికాలో జరిగిన ఒక సంగతి చెబుతాం. అక్కడ గ్రాండ్ కెన్యన్ లోయ అడుగున హవాసుపాయి అనే చిన్న ఆదివాసీ జాతి ఉంది. వాళ్లలో చక్కెర వ్యాధి ఎక్కువ. దాని కారణం తెలుసుకుంటామని చెప్పి 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వాళ్ల నెత్తురు తీసుకున్నారు. వాళ్లు నమ్మి ఇచ్చారు. 2003లో అదే యూనివర్సిటీలో ఒక విద్యార్థి తన డాక్టరేట్ పరిశోధన గురించి ప్రసంగించాడు. ఆ గదిలో కార్లెట్టా టిలూసి అనే హవాసుపాయి మహిళ కూర్చుని ఉన్నారు. తన వాళ్ల నెత్తురును వేరే విషయాల పరిశోధనకు వాడారని ఆమెకు అక్కడే తెలిసింది. ఆమె లేచి, దీనికి మా వాళ్ల అనుమతి తీసుకున్నారా అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్న నుంచి కదిలిన వ్యవహారం కోర్టుకు వెళ్లింది. మానసిక రోగం, వలసల చరిత్ర లాంటి విషయాలకు కూడా ఆ నెత్తురును వాడిన సంగతి బయటపడింది. 2010లో యూనివర్సిటీ 41 మందికి కలిపి 7 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. మిగిలిన నెత్తురు నమూనాలను తిరిగి ఇచ్చేసింది. ఆ జాతివాళ్లు వాటిని తమ నేలకు తీసుకుపోయారు.

ఆ రోజు ఆమె ఆ కుర్చీలో లేకపోతే ప్రసంగం బాగుందని అందరూ చప్పట్లు కొట్టి లేచేవాళ్లు. గదిలో ఉన్న మిగతా చదువుకున్నవాళ్లకు ఆ ప్రశ్న తట్టకపోయి ఉండవచ్చు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, ఆ నెత్తురు వాళ్లది కాదు కాబట్టి.

ఈ ప్రశ్నకు మన మధ్య రెండు సులువైన జవాబులు తిరుగుతున్నాయి. రెండింటినీ పరీక్షించి చూడాలి.

మొదటి జవాబు: మన గురించి మనమే మాట్లాడాలి, బయటివాళ్లు మాట్లాడకూడదు. కోపంలో ఈ మాట మేమూ విన్నాం. కానీ మన చరిత్రే దీన్ని ఒప్పుకోదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపిన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించింది. ఆస్ట్రియాలో పుట్టిన హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త అలా మన దగ్గరకు వచ్చారు. ఆయన మార్లవాయిలో గుడిసెలో ఉండి గోండీ నేర్చుకున్నారు. 1945 నుంచి 1949 వరకు ఉస్మానియా యూనివర్సిటీలో మానవ శాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. ఆయన చెప్పింది ఆ తరగతి గదిలోనే ఆగిపోలేదు. మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం వచ్చింది. భూమికి పట్టాలు వచ్చాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బార్ మొదలైంది. ఇప్పటికీ అధికారులు అక్కడికి వచ్చి మన ఫిర్యాదులు వినాల్సిందే. ఆయన బయటివాడే. మనల్ని అణచిన ప్రభుత్వానికి సలహాదారు కూడా. అయినా 1970లలో తిరిగి వచ్చి, తాను ఇప్పించిన భూములు మళ్లీ ఎలా చేజారాయో చూసి, 1982లో అచ్చయిన పుస్తకంలో ఆ నష్టాన్ని రాశారు. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. బయటివాడు మాట్లాడకూడదనే సూత్రం పెట్టుకుంటే ఈ పని జరిగేది కాదు.

రెండో జవాబు: జ్ఞానం అందరిదీ, మంచి ఉద్దేశం ఉంటే చాలు, ప్రతిదానికీ ఊరిని అడగనక్కరలేదు. ఈ జవాబు వినేటప్పుడు టీచర్లు 2009 నాటి ఖమ్మం జిల్లాను గుర్తు చేసుకోవాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా మీద అక్కడ ఒక అధ్యయనం జరిగింది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి టీకా వేశారు. హాస్టళ్లలో చదివే ఆదివాసీ పిల్లలు వాళ్లలో చాలామంది ఉన్నారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆ పని ఆపారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణలో చెప్పారు. కానీ సమ్మతి పత్రాలు తిరగేస్తే ఇంకో సంగతి బయటపడింది. రెండు వేలకు పైగా పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది. టీకా మంచిదే కావచ్చు. ఈ రోజు అదే టీకాను చాలా దేశాల్లో వేస్తున్నారు. అయినా బిడ్డ ఎవరిదో వాళ్లను అడగకుండా చేసిన మంచిలో ఒక అవమానం ఉంది. మీకు అర్థం కాదులే, మీ తరఫున మేము ఒప్పుకున్నాం అన్నదే ఆ అవమానం.

కనుక మొదటి జవాబు మనల్ని మూసిపెడుతుంది, రెండోది మనల్ని దాటేసిపోతుంది. మరి దారి ఎక్కడుంది? మాకు ఆ దారి మన పాత పద్ధతిలోనే కనబడింది.

గోండుల వంశ కథలను గోండులు స్వయంగా చెప్పుకోరు. పర్ధాన్లు చెబుతారు. కిక్రి వాయిస్తూ, ఏ గోత్రం కథను ఆ గోత్రం వాళ్ల ముందే పాడతారు. మెస్రం వాళ్ల కథ మెస్రం వాళ్లు కూర్చుని ఉండగా నడుస్తుంది. పాడేవాడు ఒక తరం వదిలేసినా, ఒక ఊరి పేరు తప్పు చెప్పినా వింటున్న పెద్ద అక్కడే ఆపి సరిచేస్తాడు. పర్ధాన్ కూడా ఊరుకోడు. మా తాత ఇలాగే చెప్పాడని వాదిస్తాడు. ఆలోచిస్తే ఇది కూడా పరిశోధనా ప్రసంగమే. చెప్పేవాడు వేరు, కథ ఎవరిదో వాళ్లు వేరు. కానీ ఇద్దరూ ఒకే చోట కూర్చుంటారు. మన దగ్గర సెమినార్ లేదని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

అయితే మన పద్ధతిని పొగుడుకుని ఆగిపోతే సగం నిజమే చెప్పినట్టవుతుంది. పర్ధాన్‌కు ధాన్యం ఇచ్చేది, కానుకలు ఇచ్చేది ఆ వింటున్న గోండు ఇంటివాళ్లే. అన్నం పెట్టేవాళ్ల ముందు వాళ్లకు నచ్చని కథను ఎవరు పాడతారు? పెద్దలు మెచ్చే మాటే తరతరాలుగా మిగిలి, మెచ్చని మాట రాలిపోయి ఉండవచ్చు. ఎదురుగా వినేవాళ్లు ఉండటం అబద్ధాన్ని ఆపుతుంది. ఒక్కోసారి నిజాన్ని కూడా ఆపుతుంది.

ఉదాహరణకు మన అమ్మాయి ఒకామె ఉస్మానియాలో పరిశోధన చేస్తోందనుకుందాం. పదో తరగతి కాకముందే మన ఆడపిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారన్నది ఆమె విషయం. బస్సు లేకపోవడం, హాస్టల్ దూరం కావడం లాంటి కారణాలు రాస్తే ఊరంతా సంతోషిస్తుంది. తొందరగా పెళ్లి చేయడం, ఇంట్లో చిన్నపిల్లలను ఆడపిల్లే చూసుకోవాలనడం కూడా కారణాలని రాస్తే పెద్దలకు కోపం వస్తుంది. మన పరువు తీస్తున్నావంటారు. అప్పుడు ఆమె ఆ పేజీలు చింపేయాలా? చింపకూడదు. అలాగని ఆ మాటలు తార్నాకలో మాత్రమే చెప్పి, ఊరికి వచ్చినప్పుడు నవ్వుతూ ఊరుకోవాలా? అదీ సరి కాదు. ఆమె ఆ మాటను ఊళ్లో, అదే పెద్దల ముందు చెప్పాలి. పెద్దలు జవాబు చెప్పాలి. ఆ జవాబు కూడా ఆమె థీసిస్‌లో ఉండాలి. చదివేవాళ్లకు రెండు మాటలూ అందాలి.

ఇదే మేము చెప్పదలచుకున్న అసలు మాట. మన గురించి చెప్పేదాన్ని వినే హక్కు మనకుంది. దానికి జవాబిచ్చే హక్కు మనకుంది. మన ఇంట్లోది, మన ఒంట్లోది ఇవ్వాలో వద్దో ముందే చెప్పే హక్కు మనకుంది. కానీ మనకు నచ్చలేదు కాబట్టి నిజాన్ని ఆపే హక్కు మనకు లేదు. ఎదుట నిలబడి చెప్పలేని మాటను దూరంగా వెళ్లి చెప్పే హక్కు పరిశోధకులకూ లేదు. చాడీకీ పరిశోధనకూ తేడా ఇక్కడే ఉంది. ఏ మాటనైనా అది ఎవరి గురించో వాళ్ల ముందు కూడా అలాగే చెప్పగలిగితే అది పరిశోధన.

ఈ కొలత బయటివాళ్లకే అని మన చదువుకున్న పిల్లలు అనుకోకూడదు. గోండు విద్యార్థి కొలాముల గురించి, తోటీల గురించి రాసేటప్పుడు అతనూ బయటివాడే. లంబాడా విద్యార్థి చెంచుల గురించి రాసినా అంతే. సొంత ఊరి గురించి రాసేటప్పుడు కూడా, పదేళ్లు హాస్టల్లో ఉండి వచ్చిన మనిషి సగం బయటివాడే. కులం సర్టిఫికెట్టు చూపిస్తే ఊరు అడిగే ప్రశ్నలు తప్పిపోవు.

ఇక్కడ భాష విషయం వస్తుంది. ఊళ్లో చెప్పాలంటే ఊరి భాషలో చెప్పాలి. ఇంగ్లీషులో రాసిన సిద్ధాంతాన్ని గోండీలో, కోయలో, తెలుగులో చెప్పలేమని చాలామంది అంటారు. ఆ మాట అనేవాళ్లు తాము చదువుతున్న భవనం చరిత్రను చూడాలి. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది ఉర్దూ మాధ్యమంలో. వైద్యం, ఇంజనీరింగు, రసాయన శాస్త్రం ఈ దేశపు భాషలో చెప్పలేమని అప్పుడూ అన్నారు. దానికోసం ముందుగానే అనువాద విభాగం పెట్టి, మాటలు తయారు చేసి, పుస్తకాలు అచ్చువేశారు. మూడు దశాబ్దాల పాటు పాఠాలు ఆ భాషలో నడిచాయి. అది రాజు గారి కొలువు భాష కాబట్టి ఖర్చు పెట్టారు. ఇంటి భాషలో చదువు గోండు, కోయ పిల్లలకు ఆ రోజుల్లో దాదాపు దొరకలేదు. అంటే చెప్పలేకపోవడం భాష లోపం కాదు, ఎవరి కోసం ఖర్చు పెట్టాలన్న నిర్ణయం.

గుంజాల సంగతి దీనికి ఇంకో ఆధారం. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని ఆ ఊళ్లో గోండీ రాతప్రతులు ఉన్నాయి. ఆ లిపి చదవగలిగిన పెద్దలు కొద్దిమందే మిగిలారు. యూనివర్సిటీ పండితులు ఎంత చదువుకున్నా ఆ పెద్దల ముందు కూర్చుని అక్షరాలు దిద్దుకోవాల్సి వచ్చింది. ఆ పని వల్ల లిపి వాచకంలోకి వచ్చింది, 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. ఆ పెద్దలు సమాచారం ఇచ్చినవాళ్లు మాత్రమే కాదు, గురువులు. పరిశోధన అలా రెండు వైపులా నడిచినప్పుడు ఊరు దాన్ని తనదిగా చూసుకుంటుంది.

ఇక మనం ఏం చేయాలి? పెద్ద పెద్ద చట్టాల కోసం ఎదురుచూడనక్కరలేదు. దక్షిణాఫ్రికాలో సాన్ ఆదివాసీలు 2017లో పరిశోధకుల కోసం ఒక నియమావళిని తామే రాసుకున్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, సరైన పద్ధతి అనే అయిదు మాటల మీద దాన్ని నిలబెట్టారు. మనకూ గ్రామసభ ఉంది. మన సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. పరిశోధకులు ఊరికి వచ్చినప్పుడు గ్రామసభ మూడు ప్రశ్నలు అడగవచ్చు. మీరు ఏం తెలుసుకోవాలని వచ్చారు? తెలుసుకున్నది ఎక్కడ, ఎవరి ముందు చెబుతారు? మాకు చెప్పడానికి ఎప్పుడు తిరిగి వస్తారు? జవాబులు రిజిస్టరులో రాయించుకుని సంతకం తీసుకోవాలి. పరిశోధనను ఆపడానికి కాదు, మాట నిలబెట్టుకోవాలని గుర్తు చేయడానికి.

టీచర్లుగా మా పని మేము చేయాలి. అనువాదం చేయమని పక్కన కూర్చోబెట్టుకున్నప్పుడు, 'చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనక్కరలేదు' అనే మాటను ముసలమ్మకు ముందుగా గోండీలో చెప్పాలి. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకం మేము పెట్టకూడదు. ఎంత పెద్ద అధికారి చెప్పినా పెట్టకూడదు.

యువకులు ఇంకో పని చేయాలి. థీసిస్‌లు ఇప్పుడు తాళం వేసిన బీరువాల్లో లేవు. శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో వేల థీసిస్‌లు ఉచితంగా దొరుకుతున్నాయి. మీ జాతి పేరు కొట్టి చూడండి. మీ ఊరి గురించి ఎవరేం రాశారో చదవండి. తప్పుంటే ఎక్కడ తప్పో రాయండి. నిజముంటే, అది మనకు నొప్పి కలిగించేదైనా, ఊళ్లో నలుగురికి చదివి వినిపించండి. తార్నాక దగ్గర హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు ఆదివాసీల మీద జరిగే సెమినార్లకు వెళ్లి కూర్చోండి. మీ సబ్జెక్టు కాకపోయినా వెళ్లండి. ప్రశ్నల సమయం ఇచ్చినప్పుడు తెలుగులోనైనా లేచి అడగండి. ఇంగ్లీషు సరిగా రాదన్న సిగ్గు అక్కరలేదు. మన భాష రాకుండా మన గురించి మాట్లాడేవాళ్లకు లేని సిగ్గు మనకెందుకు?

రేపు మీలో ఎవరైనా అదే వేదిక ఎక్కి మాట్లాడితే, మీకు మాట ఇచ్చిన మనిషిని బస్సు చార్జీ పెట్టి తీసుకెళ్లండి. ఆమెకు ముందు వరుసలో కుర్చీ వేయించండి. మీరు చెప్పేది ఆమెకు అర్థమయ్యేలా కొంతసేపు మన భాషలో చెప్పండి. ఆమె తల ఊపినా, అడ్డం తిప్పినా అక్కడున్న ప్రొఫెసర్లందరికీ కనబడాలి. డిగ్రీ ఎలాగూ వాళ్లు ఇస్తారు. మీరు చెప్పింది నిజమో కాదో ఆమె చెబుతుంది.